మూర్ఛవ్యాధి – మన చేతిలోని ఫోను

మానవుని మెదడులోని నాడీకణాలు సూక్ష్మమైన విద్యుత్సంకేతాల ద్వారా నిరంతరం పరస్పరం సంభాషించుకొంటూ ఉంటాయి. ఒకానొక కణసమూహం అదుపు తప్పి ఒక్కసారిగా సంకేతాలను వెలువరించినప్పుడు కలిగేదే మూర్ఛ. వాడుకలో దీనినే ‘ఫిట్స్’ అంటారు. ఇట్టి మూర్ఛలు మరల మరల వచ్చే వ్యాధియే ఎపిలెప్సీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సుమారు 5 కోట్ల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారు. సరైన రోగనిర్ణయము, చికిత్స లభిస్తే వారిలో 70 శాతం వరకు మూర్ఛలు రాకుండా జీవించగలరని కూడా ఆ సంస్థ తెలుపుతున్నది.

చికిత్స ఉన్నప్పటికీ ఈ వ్యాధిని దాచడమే మన సమాజంలో పరిపాటి. హిందూ వివాహ చట్టంలో మూర్ఛవ్యాధిని వివాహానికి అడ్డంకిగా పేర్కొన్న మాటను భారత పార్లమెంటు 1999లో తొలగించింది. చట్టం మారినా, సంబంధాలు చూచే వేళ ఈ సంగతి బయటపడుతుందేమోనన్న భయం పోలేదు. సముద్రాలు దాటినా ఆ భయం మన వెంటే వచ్చింది.

పైకి అడగలేని ప్రశ్నలకు నేడు చాలామంది సామాజిక మాధ్యమాలలో జవాబులు వెదుకుతున్నారు. అక్కడ మంచితోపాటు పాత అపోహలు కూడా కొత్త వేగంతో వ్యాపిస్తున్నాయి. చేతిలో తాళంచెవులు పెడితే మూర్ఛ ఆగుతుందన్నది అట్టిదే. నిజానికి మూర్ఛలలో అధికభాగం కొద్ది నిమిషాలలో వాటంతటవే ఆగిపోతాయి. ఆ సమయంలో చేతిలో ఏది ఉంటే దానికి ఆ కీర్తి దక్కుతుంది!

మరికొన్ని ప్రచారాలలో అర్ధసత్యం ఉంటుంది. గంజాయి మొక్క నుండి శుద్ధిచేసిన కన్నాబిడయాల్ అనే మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో, తీవ్రమైన రెండు అరుదైన ఎపిలెప్సీ రకాలకు ఆమోదించింది. అంతమాత్రాన అంగడిలో దొరికే ప్రతి నూనె మూర్ఛను నయం చేస్తుందనుకోరాదు. ఇట్టి ప్రకటనలు నమ్మి వాడుతున్న మాత్రలను హఠాత్తుగా మానివేస్తే, ఆగని మూర్ఛ వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చు.

మినుకుమినుకుమనే కాంతి కొందరిలో మూర్ఛను రేపుతుంది. ఎపిలెప్సీ ఉన్నవారిలో ఇట్టివారు నూటికి ముగ్గురు మాత్రమే. అయినను 2019 నవంబరులో అమెరికాలోని ఎపిలెప్సీ ఫౌండేషన్ ట్విట్టర్ ఖాతాను అనుసరించే వారిపై కొందరు దుండగులు అట్టి చిత్రాలను ప్రయోగించారు. హాని తలపెట్టి ఇట్టి చిత్రాలు పంపడాన్ని బ్రిటన్ 2023 నాటి చట్టం ద్వారా నేరంగా ప్రకటించింది.

ఇక మేలు విషయానికి వద్దాం. మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధిని ‘అపస్మారము’ అన్నారు. స్మృతి తప్పుట అని దాని అర్థం. మూర్ఛలో ఏమి జరిగిందో చాలాసార్లు రోగికి గుర్తుండదు, వైద్యుడు చూడలేదు. చూచినవారి సాక్ష్యమే రోగనిర్ణయానికి ప్రధానాధారం. ఆ సాక్ష్యాన్ని ఫోను వీడియో మాటలకన్నా చక్కగా చెప్పగలదు. ఇట్టి వీడియోలు నిపుణుల రోగనిర్ణయానికి ఎంతో తోడ్పడతాయని 2020లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం నిరూపించింది.

అయితే ముందు రోగి రక్షణ, తరువాతే వీడియో. గట్టి వస్తువులను దూరంగా జరిపి, తలక్రింద మెత్తనిదేదైనా ఉంచి, రోగిని ఒక ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టాలి. కాళ్ళు చేతులు అదిమి పట్టరాదు. నోటిలో చెంచాగాని, నీరుగాని పెట్టరాదు. గడియారం చూచుకోవాలి. 5 నిమిషాలు దాటినా, తేరుకోకముందే మరొక మూర్ఛ వచ్చినా, అమెరికాలో 911కు, బ్రిటన్‌లో 999కు, మన తెలుగు రాష్ట్రాలలో 108కి ఫోన్ చేయాలి. మరొకరు ప్రక్కన ఉంటే వారు వీడియో తీయవచ్చు. ముఖము, కాళ్ళు చేతులు అన్నీ కనబడాలి.

ఆ వీడియో వైద్యునికి చేరితే చికిత్సకు దారి చూపుతుంది. అదే వీడియో బంధువుల వాట్సాప్ బృందానికి చేరితే ఒక యువకునికో, యువతికో జీవితాంతం వెంటాడే అపవాదు కాగలదు. అందుకే రోగి అనుమతి లేనిదే వైద్యునికి తప్ప మరెవ్వరికీ పంపరాదు. బృందంలో పంచుకోదగినది ప్రథమచికిత్సకు సంబంధించిన ఆ నాలుగు మాటలే. వాటిని ఇంటిల్లిపాదీ, ముఖ్యంగా పిల్లలు, నేర్చుకొందురుగాక.