బొటనవ్రేలి వంకరకు శస్త్రచికిత్స: పద్ధతులు, ఫలితాలు

జోడ్‌భావి పేట్‌లో మరమగ్గం ఎదుట రోజంతా నిలిచి పనిచేసేవారికి బొటనవ్రేలి మొదట పొడుచుకువచ్చిన ఎముక చిన్న బాధ కాదు. వైద్యులు దీనిని బనియన్ అంటారు. ఉబ్బును చెక్కివేస్తే చాలునని పలువురి భావన. కాని పక్కకు జరిగిన ఎముకను సరిచేయనిదే వంకర తిరిగి రావచ్చు.

వంకర స్వల్పమైతే ఎముకను తల వద్ద కోసి జరిపే షెవ్రాన్ పద్ధతిని, మరికొంత ఎక్కువైతే నడుమ కోసే స్కార్ఫ్‌ను అవలంబిస్తారు. ఎముక మొదటి కీలు వదులైనవారికి ఆ కీలును అతికించే లాపిడస్ తగినది. కీలులో కొంత తీసివేసే పాత కెల్లర్ పద్ధతిలో బొటనవ్రేలి బలం తగ్గి, బరువు పక్క వ్రేళ్ల మొదళ్లపై పడవచ్చు. వృద్ధుల మాట ఎలా ఉన్నా, నిలిచి శ్రమించేవారికి ఇది అంతగా నప్పదు.

ఫిన్లాండ్‌లో 209 మందిపై జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో, పాదరక్షలో అమర్చే ఆధారం ఆరు నెలలకు కొంత ఉపశమనమిచ్చింది. ఏడాది గడిచేసరికి షెవ్రాన్ శస్త్రచికిత్స పొందినవారే మెరుగ్గా ఉన్నారు. అయితే పలు అధ్యయనాలను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష మరొక సంగతి తెలిపింది: నొప్పి, వంకర తగ్గినప్పటికీ కొన్నింటిలో 25 నుండి 33 శాతం మంది అసంతృప్తితోనే మిగిలారు. కనుక నొప్పి లేనివారు కేవలం అందం కోసం కోత కోరరాదు.

ఎముక అతకడానికే సుమారు ఆరు వారాలు కావాలి. మగ్గం వద్దకు మరలడానికి అంతకు మించి పడుతుంది. ఆ కాలపు కూలి నష్టాన్ని ముందే లెక్కించుకోవాలి. పొగాకు అలవాటు, మధుమేహం ఉంటే వైద్యునికి దాచకుండా చెప్పాలి. రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి.