స్థావరవిక్రయమున ప్రకాశనవిచారము: అడిలైడ్ నగర భూవిక్రయముల దృష్ట్యా ఒక పరిశీలన

స్థావరమును విక్రయించునపుడు ఆ విషయమును నలుగురికి తెలియజేయవలెనను నియమము మన వ్యవహారశాస్త్రమున కలదు. ఆంగ్లేయులు దూరఖండములలో నెలకొల్పిన వలసపట్టణములలోను అట్టి నియమము కలదు. చూచుటకు రెండును ఒకటివలెనే యుండును. కాని తెలియజేయుట యనగా ఎవరికి తెలియజేయుట? తెలియజేసినందువలన సిద్ధించు ఫలమేమి? ఈ రెండు ప్రశ్నలను ముందుంచుకొని, దక్షిణ ఆస్ట్రేలియా రాజధానియైన అడిలైడ్ నగరపు తొలినాటి భూవిక్రయములను ధర్మశాస్త్రదృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశము. ఒక దేశపు చర్యలను మరొక దేశపు స్మృతులతో శిక్షించుట నా అభిమతము కాదు. భావమును భావముతో పోల్చినచో రెండింటి స్వరూపమును స్పష్టమగును.

మొదట శాస్త్రనిర్ణయమును స్మరింతము. భూమి ఒకరినుండి మరొకరికి సంక్రమించుటకు స్వగ్రామము, జ్ఞాతులు, సామంతులు, దాయాదులు వీరి యనుమతియు, హిరణ్యోదకదానమును కావలెనని మితాక్షర యందు ఉదాహరింపబడినది. ఇచట సామంతులనగా ఇరుగుపొరుగు క్షేత్రములవారే కాని మాండలికులు కారు. ఈ యంగములలో ప్రతిదానికి విజ్ఞానేశ్వరుడు ప్రయోజనమును వేరువేరుగా నిరూపించెను. గ్రామానుమతి వ్యవహారప్రకాశనముకొరకే; అది లేనంతమాత్రమున వ్యవహారము అసిద్ధము కాదు. సామంతానుమతి సీమావివాదమును నివారించుటకు. హిరణ్యోదకములు విక్రయమునకు దానరూపమును కల్పించుటకు. అనగా ప్రకాశనమనునది స్వత్వమునకు జనకము కాదు, జ్ఞాపకము మాత్రమే.

కౌటిల్యుడు వాస్తువిక్రయప్రకరణమున చాటింపుపద్ధతిని ఇంకను విశదముగా చెప్పెను. జ్ఞాతులు, సామంతులు, ధనికులు క్రమముగా కొనుటకు అర్హులు, పిదపనే బాహ్యులు. ఇంటిని ఆ యింటి యెదుటనే, నలువది సామంతకుటుంబములవారి సమక్షమున చాటవలెను. పొలము, తోట, తటాకము మున్నగువానిని వాని సీమలయందే, సామంతగ్రామవృద్ధులు వినుచుండగా చాటవలెను. ఈ వెలకు కొనువారెవరని ముమ్మారు ఘోషించినను ఎవరును అడ్డు చెప్పనిచో క్రేత కొనవచ్చును. పోటీవలన పెరిగిన వెల శుల్కముతోకూడ కోశమునకు చేరును. ఇందు మూడంశములు గమనింపదగినవి. చాటింపు జరుగుచోటు ఆ వస్తువున్న చోటే. వినువారు దానియందు హక్కుగాని, బాధగాని కలుగదగినవారే. వారి మౌనము సమక్షమున సంభవించిన మౌనము.

ఇక అడిలైడ్ విషయము. దక్షిణ ఆస్ట్రేలియాను వలసరాజ్యముగా నెలకొల్పుటకు ఆంగ్లపార్లమెంటు 1834లో చట్టము చేసెను. ఆ చట్టము అచ్చటి భూములను బీడుగను, ఎవరి యాక్రమణలోను లేనివిగను పేర్కొనెను. వలస ప్రారంభమగుటకు ముందే 35,000 పౌనుల విలువగల భూమి అమ్ముడుపోవలెనని షరతు విధించెను. అందుచే తొలి విక్రయములు ఇంగ్లాండుననే జరిగినవి. కొలత కాని భూమిని, కొనువారు కంట చూడని భూమిని, సముద్రముల కావల పత్రములద్వారా అమ్మిరి. 1836 ఫిబ్రవరి 19న రాజు జారీచేసిన శాసనపత్రమున మాత్రము ఒక రక్షణవాక్యము చేరినది. అచ్చటి ఆదివాసులు తాము వాస్తవముగా వసించుచు అనుభవించుచున్న భూములయందు వారికిని వారి సంతతికిని గల హక్కులకు ఈ పత్రమువలన భంగము కలుగరాదని దాని తాత్పర్యము. ఆ మైదానమున తరతరములుగా నివసించుచున్నవారు కౌర్ణజాతివారు. చట్టము శూన్యమన్న భూమినే శాసనపత్రము సస్వామికముగా అంగీకరించినట్లాయెను.

1836 డిసెంబరు 28న గవర్నరు హిండ్‌మార్షు పక్షమున ఆయన కార్యదర్శి జార్జి స్టీవెన్‌సన్ సముద్రతీరమున ప్రకటనపత్రమును బిగ్గరగా చదివెను. ఆదివాసులకు ఇతర ప్రజలతోపాటు సమానమగు రక్షణ కలదని అందు చెప్పబడినది. వినినవారు వలసవచ్చినవారు, ఎవరినిగూర్చి చెప్పబడినదో వారికది వారి భాషలో చేరలేదు. 1837 జనవరి 11న కర్నలు విలియం లైటు నగరపు కొలతను ఆరంభించి మార్చి 10 నాటికి ముగించెను. నదికి దక్షిణమున 700, ఉత్తరమున 342, వెరసి 1,042 నగరఎకరములు ఏర్పడినవి. ముందుగా సొమ్ము చెల్లించిన 437 పత్రములవారు తమ యెకరములను ఎన్నుకొనిన పిదప, మిగిలినవి మార్చి 27న వేలమున అమ్మబడినవి. కౌర్ణులు తార్ణ్‌డన్యా, అనగా ఎఱ్ఱకంగారు స్థలమని పిలుచుకొన్న చోటు మూడు నెలలలోపల సంఖ్యలు గల ఖండములాయెను.

ఈ పట్టణమున ప్రకాశనమునకు సాధనము వార్తాపత్రిక. సౌత్ ఆస్ట్రేలియన్ గెజెట్ అండ్ కలోనియల్ రిజిస్టర్ అను పత్రిక తొలి సంచిక 1836 జూన్ 18న లండనులోనే వెలువడెను. రెండవ సంచిక 1837 జూన్ 3న అడిలైడులో అచ్చయ్యెను. పత్రికకు సంపాదకుడును స్టీవెన్‌సనే. రాజశాసనమును ప్రకటించువాడే లోకవార్తలను వ్రాయువాడగుటచే, పత్రిక గవర్నరు పక్షమున నిలిచినదని వలసవారిలోనే కలహము పుట్టెను. 1839 జూన్‌లో ప్రభుత్వము తనకు ప్రత్యేకముగా గెజెట్‌ను స్థాపించుకొనుటతో రాజప్రకటన వేరు, పత్రికావ్యవహారము వేరు అయినవి. ప్రకటించు ముఖము నిష్పక్షపాతముగా నుండవలెనను వివేకము ఇచట కనబడుచున్నది. అయితే ఏ పత్రికయైనను చదువగలవారికే ప్రకాశము.

మరి యిరువది సంవత్సరములకు మరొక చిక్కు తలయెత్తెను. చేతులు మారిన ప్రతి భూమికిని పూర్వపు దస్తావేజులన్నియు వరుసగా చూపవలెను. మన రిజిస్ట్రేషను వ్యవహారమున లింకు దస్తావేజులని వాడుక కలవి ఇట్టివే. ఒక్క కొక్కెము తెగినను హక్కు సందేహాస్పదము. ఈ బాధను తొలగించుటకు రాబర్టు రిచర్డు టారెన్సు 1858లో స్థిరాస్తిచట్టమును సాధించెను. ఆయన పూర్వము ఓడరేవు సుంకాధికారిగా నుండెను. ఓడల యాజమాన్యమును పుస్తకమున నమోదు చేయు రీతి ఈ యూహకు తోడ్పడెను. ఇందు దస్తావేజు ప్రధానము కాదు; ప్రభుత్వపుస్తకమున నమోదే హక్కు. చట్టము అమలునకు వచ్చిన పిదప ప్రభుత్వమునుండి పొందిన భూములు దానంతటనే దీని క్రిందికి వచ్చును. పాతభూములను తెచ్చుటకు దరఖాస్తు పెట్టవలెను. గెజెట్‌లోను పత్రికలలోను నోటీసు వేయుదురు. గడువులోపల కేవియట్ రూపమున ఆక్షేపణ రానిచో హక్కుపత్రమునిత్తురు. ఒకమారు ఇచ్చిన పిదప మోసము మున్నగు కొలది సందర్భములలో తప్ప అది చలింపదు. ఇందువలన నష్టపడినవారికి పరిహారనిధి నేర్పరచిరి.

ఇచట పూర్వపక్షము. ముమ్మారు ఘోషించి అడ్డు లేనిచో విక్రయము సిద్ధించునని కౌటిల్యుడును చెప్పెను గదా. పరవాక్యమును ప్రతిషేధింపనిచో అంగీకరించినట్లే యని తంత్రయుక్తులలోను అనుమతమను యుక్తి కలదు గదా. అప్పుడు గెజెట్ నోటీసునకును, చాటింపునకును భేదమేమి? పైగా తన భూమిని ఇతరుడు ఇరువది సంవత్సరములు అనుభవించుచుండగా చూచుచు పలుకనివానికి హాని కలుగునని యాజ్ఞవల్క్యుడు చెప్పెను గదా?

సమాధానము. మొదటిది, యాజ్ఞవల్క్యుని నియమమున చూచుటయు, పలుకకుండుటయు రెండును షరతులు. జడులు, బాలురు మున్నగువారి ధనమునకు ఈ హాని వర్తింపదని ఆయనయే అపవాదము చెప్పెను. తెలిసికొనుటకుగాని, పలుకుటకుగాని శక్తి లేనిచోట మౌనమును అనుమతిగా గ్రహింపరాదని దీని భావము. కౌర్ణులు మేధావులే, వారు బాలురు కారు. కాని ఆంగ్లభాషయందలి నోటీసు వారికి శ్రావణము కాదు. న్యాయస్థానమున పలుకుటకు క్రైస్తవప్రమాణము అడ్డు వచ్చెను. ప్రమాణము లేకయే ఆదివాసుల సాక్ష్యమును స్వీకరించుటకు 1844లో గాని శాసనము రాలేదు. అదియును ఇతరుల వివాదములలో సాక్షులుగా నిలుచుటకే ముఖ్యముగా ఉపయోగించినది.

రెండవది, అస్వామివిక్రయమను వ్యవహారపదము. ఇది ప్రధానముగా చరద్రవ్యములనుద్దేశించినదే యైనను దీని న్యాయము విచారణీయము. బహిరంగముగా కొన్నవాడు, విక్రేతను చూపజాలకున్నను దండ్యుడు కాడు. ధనము మాత్రము పోగొట్టుకొన్న స్వామికే చెందునని మనువు చెప్పెను. ప్రకాశక్రయము క్రేతయొక్క శుద్ధికి కారణము, స్వత్వోత్పత్తికి కాదు. క్రేత నిర్దోషిత్వము వేరు, భూమి ఎవరిదనునది వేరు. టారెన్సు విధానమున ఈ రెండును ఏకమైనవి. విక్రయసౌలభ్యమున అది మహోపకారమే. తరువాత అనేకదేశములు దానినవలంబించుటయే సాక్షి. కాని పుస్తకమున తొలి పంక్తిని వ్రాయునప్పుడు ఎవరిని అడుగలేదో వారి హక్కును ఆ పుస్తకము తానుగా ఎన్నడును చూపజాలదు.

ఈ విచారము మనము నేడు ఆరోపించునది మాత్రము కాదు. ఆదివాసులకొరకు కొన్ని భూఖండములను ముందుగా ప్రత్యేకించినపుడు తొలి క్రేతలు ఆక్షేపింపగా, 1840లో గవర్నరు గాలరు పక్షమున చార్లెసు స్టర్టు శాసనపత్రమును ప్రమాణముగా చూపి, ఆదివాసుల హక్కు క్రేతల హక్కుకంటె పూర్వమైనదని సమాధానమిచ్చెను. అనగా ఆనాటి ప్రభుత్వముననే ఈ న్యాయము నెరిగినవారు కలరు. అది ఆచరణమున నిలువలేదు. 1992 జూన్ 3న ఆస్ట్రేలియా ఉన్నతన్యాయస్థానము మాబో వ్యాజ్యమున ఆదివాసుల పూర్వస్వత్వమును గుర్తించెను. 2018 మార్చిలో ఫెడరల్ న్యాయస్థానము అడిలైడ్ ప్రాంతమున కౌర్ణుల హక్కును అంగీకరించెను. అప్పటికి విక్రయింపబడి చేతులు మారిన నగరఖండములు వారికి తిరిగి రాలేదు. పరులకు పోక మిగిలిన కొలది భూములయందే ఆ గుర్తింపు ఫలించెను.

మనకు ఈ చర్చ పరాయిది కాదు. 1908 రిజిస్ట్రేషను చట్టమున నమోదగునది దస్తావేజే కాని హక్కు కాదు. 1882 ఆస్తిబదిలీ చట్టము రిజిస్టరైన దస్తావేజు సంగతి సంబంధించిన లావాదేవీదారులకు తెలిసినట్లే యెంచవలెనని చెప్పును. ఆంధ్రప్రదేశమున హక్కునే నమోదు చేయు భూహక్కుల చట్టము 2022లో ఏర్పడి 2023 అక్టోబరు 31 నుండి అమలునకు వచ్చి, తీవ్రవివాదానంతరము 2024లో రద్దయ్యెను. అట్టి చట్టమేదైనను మరల వచ్చినచో, దాని గుణదోషవిచారణకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: గడువులోపల ఆక్షేపింపనివానికి హక్కు పోవునన్నప్పుడు, ఆ గడువు ప్రారంభమైనట్లు వానికి వినబడినదా? కౌలుదారు, వలసపోయిన కూలి, చదువురాని వితంతువు వీరి మాట ఇచట ముఖ్యము.

ఇందువలన తేలిన యంశములు మూడు. ప్రకాశనము ప్రకటించువాని పక్షమున కాక, వినవలసినవాని పక్షమున నిర్ణయింపదగినది. మౌనము జ్ఞానపూర్వకమైనపుడే అనుమతి యగును. ప్రకాశక్రయము క్రేతను శోధించును గాని లేని స్వత్వమును పుట్టింపదు. వ్యవహారాధ్యాయమును బోధించునపుడు అస్వామివిక్రయమును దొంగసొత్తు ప్రకరణముగా మాత్రము చెప్పి విడువక, ఇట్టి చారిత్రకోదాహరణములతో జోడించి చెప్పినచో విద్యార్థులకు శాస్త్రముయొక్క లోతు తెలియగలదు. దోషములున్నచో విద్వాంసులు సవరింతురు గాక.