మాట ఎవరి కోసం?

బారిస్టరు పట్టా పుచ్చుకుని లండన్ నుంచి తిరిగొచ్చిన గాంధీ, బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తన మొట్టమొదటి కేసు ఒప్పుకున్నారు. ఫీజు 30 రూపాయలు. అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించడానికి లేచారు. గుండె జారిపోయింది, తల తిరిగింది, అడగడానికి ఒక్క ప్రశ్నా తోచలేదు. అలాగే కూర్చుండిపోయి, ఈ కేసు నావల్ల కాదు, పటేల్ గారిని పెట్టుకోండి, నా ఫీజు వెనక్కి తీసుకోండి అని చెప్పి బయటపడ్డారు. కేసు తెచ్చినవాళ్లు పటేల్‌కు 51 రూపాయలు ఇచ్చి కేసు అప్పగించారు. లండన్‌లో ఉన్నప్పుడూ ఇదే వరస. శాకాహారుల సభలో మాట్లాడదామని రాసుకెళ్లిన కాగితాన్ని చూసి చదవడానికి కూడా నోరు పెగల్లేదు. పక్కనున్న మిత్రుడు చదివి పెట్టాడు. ఇవన్నీ ఆయనే ఆత్మకథలో దాచుకోకుండా రాశారు.

1893లో అదే మనిషి దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా చేరారు. వచ్చిన కొద్ది రోజులకే ఊళ్లో ఉన్న భారతీయ వ్యాపారులను సేఠ్ హాజీ మహమ్మద్ హాజీ జూసబ్ ఇంట్లో సమావేశపరిచి, వాళ్లముందు నిలబడి మాట్లాడారు. తన జీవితంలో మొదటి బహిరంగ ప్రసంగం అదేనని చెప్పుకున్నారు. విషయం వ్యాపారంలో నిజాయితీ. ఎదురుగా కూర్చున్నవాళ్లు, వ్యాపారంలో సత్యం నడవదని గట్టిగా నమ్మేవాళ్లు. వాళ్ల నమ్మకాన్ని వాళ్ల ముందే కాదన్నారు. పరాయి దేశంలో మన ఒక్కొక్కరి నడవడిని బట్టి మొత్తం మన జాతినే అంచనా కడతారని చెప్పారు. మన శుభ్రత సంగతీ ఎత్తారు. అంతటితో ఆగక, ఒక సంఘం పెట్టుకుందామన్నారు, ఇంగ్లీషు నేర్చుకుంటామంటే నేను నేర్పుతానన్నారు. ముగ్గురు ముందుకొచ్చారు: ఒక మంగలి, ఒక గుమాస్తా, ఒక చిల్లర దుకాణదారు.

కోర్టులో పెగలని గొంతు ఇక్కడ ఎలా పెగిలింది? ఈ మధ్యలో ఆయన ఉపన్యాస కళ మీద శిక్షణ ఏదీ తీసుకోలేదు. నాకు తోచే కారణం ఒక్కటే. కోర్టులో ఆయన ధ్యాస తన మీద ఉంది. నేనెలా కనిపిస్తున్నాను, తప్పు చేస్తే నవ్వుతారేమో అన్న ఆలోచనలోనే మనసంతా ఖర్చయిపోయింది. ప్రిటోరియాలో ధ్యాస ఎదుటివాళ్ల మీదికి మళ్లింది. వీళ్లకు ఈ సంగతి చెప్పి తీరాలి అన్న తపన ముందు, నా గురించి ఏమనుకుంటారోనన్న బెంగ నిలవలేదు. సభాపిరికితనానికి మందు ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

మన బళ్లలో మాత్రం దీనికి సరిగ్గా విరుద్ధంగా నేర్పుతాం. పంద్రాగస్టుకు పిల్లాడి చేత మాట్లాడించాలంటే, నాన్నో మాస్టారో ఒకటిన్నర పేజీ రాసిస్తారు. వాడు వారం రోజులు బట్టీ పడతాడు. వేదికనలంకరించిన పెద్దలకు నమస్సుమాంజలులు అని మొదలుపెట్టి, అర్థం తెలియని నాలుగు సంస్కృత సమాసాలు దాటి, ఐదో వాక్యం దగ్గర ఒక్క మాట మరిచిపోతాడు. అంతే, తర్వాతి మాట కూడా రాదు. వాడి తలలో ఉన్నది మాటల వరుసే గాని విషయం లేదు మరి. అదే పిల్లాణ్ని నిన్న చూసిన సినిమా కథ చెప్పమనండి. చేతులు ఊపుతూ, గొంతులు మారుస్తూ అరగంటైనా చెబుతాడు. వాడికి మాట్లాడటం రాదని ఎవరనగలరు?

కొన్నేళ్ల కిందట తెలంగాణలో ఒక మండల సమాఖ్య సమావేశంలో చూసిన దృశ్యం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పొదుపు సంఘాల మహిళలు నిండుగా ఉన్నారు. ఒక సంఘం లీడరును పిలిచి, మీ ప్రగతి గురించి నాలుగు మాటలు చెప్పమ్మా అని మైకు చేతికిచ్చారు. ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, ‘‘సభకు నమస్కారం... మా సంఘం...’’ అని ఆగిపోయింది. చేతిలో కాగితం వణుకుతోంది. ఇంతలో వెనకనుంచి ఒకావిడ, ‘‘అక్కా, గా బ్యాంకోళ్లు మన లింకేజీ లోను ఎందుకాపిండ్రు?’’ అని అడిగింది. ఈమె తల ఎత్తింది. ‘‘ఆపింది బ్యాంకోళ్లు కాదు చెల్లె, మనమే. రెండు కిస్తీలు కట్టలే’’ అంది. ఇక ఆగలేదు. ఏ నెల ఎంత కట్టారు, ఎవరి ఇంట్లో ఏ కష్టమొచ్చి ఆగింది, వడ్డీ ఎంత పెరిగింది, ఇప్పుడు తలా ఎంతేస్తే బయటపడతాం, అన్నీ నోటిలెక్కన చెప్పుకుపోయింది. కాగితం వంక మళ్లీ చూడలేదు. హాల్లో పక్క మాటలు ఆగిపోయాయి. అంతసేపూ ఆమె తన యాసలోనే మాట్లాడింది. తన ఇంటి భాషలో ఆలోచించే మనిషి, వేదికెక్కగానే పుస్తకాల తెలుగులోకి దూరితే, సగం శక్తి ఆ అనువాదానికే పోతుంది. శ్రీకాకుళమైనా, కడపైనా, కరీంనగరైనా మీ మాట తీరును మీతోపాటే వేదిక మీదికి తీసుకెళ్లండి.

అయితే విషయం మీద పట్టుంటే భయం పూర్తిగా పోతుందా? పోదు. పోనక్కర్లేదు కూడా. 1893 సెప్టెంబరు 11న చికాగో సర్వమత సభలో వివేకానందుడికి గుండె దడదడలాడింది, నాలుక పిడచగట్టుకుపోయింది. ఉదయం సభలో మాట్లాడే ధైర్యం చాలక మధ్యాహ్నానికి వాయిదా వేసుకున్నారు. మిగతావాళ్లు ప్రసంగాలు సిద్ధం చేసుకుని వచ్చారు, తాను ఏమీ రాసుకురాలేదు. సరస్వతీ దేవికి మనసులో మొక్కుకుని లేచానని మద్రాసు శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కు ఉత్తరంలో రాశారు. ఆ తర్వాత జరిగింది లోకమంతటికీ తెలుసు. చాలామందికి తెలియంది ఆయన అంతకుముందు చేసిన సాధన. దేశమంతా తిరుగుతూ ఇళ్లలో, అరుగుల మీద ఎందరితోనో గంటల తరబడి మాట్లాడారు. అదే ఏడాది ఫిబ్రవరి 13న మన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో, తాను పాశ్చాత్య దేశాలకు ఎందుకు వెళ్లదలచుకున్నదీ వెయ్యిమందికి పైగా శ్రోతల ముందు వివరించారు. చికాగోలో కాగితం లేదు గాని, చెప్పవలసింది ఏళ్ల తరబడి నోట నలిగే ఉంది.

భయం గురించి పరిశోధకులు తేల్చిన రెండు సంగతులు ఎంతో పనికొస్తాయి. మన గుండెదడ, వణుకు అందరికీ కనిపించిపోతున్నాయని మనం అనుకుంటాం. శ్రోతలకు అందులో చాలా భాగం కనిపించదు. సవిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఈ సంగతి కొందరు వక్తలకు ముందుగా చెప్పి చూశారు. ఆ మాట ముందుగా విన్నవాళ్లు మిగతావాళ్లకంటే బాగా మాట్లాడారు. రెండోది హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధన. ప్రసంగానికి ముందు ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అని పైకి చెప్పుకున్నవాళ్ల కంటే, ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని చెప్పుకున్నవాళ్లు ఎక్కువ ఒప్పించేలా మాట్లాడారు. కొట్టుకునే గుండెను ఊరుకోమంటే ఊరుకోదు. ఆ వేగాన్ని ఉత్సాహం అనుకుంటే మనకే పనికొస్తుంది.

ఇక సాధన. మనసులో అనుకోవడం సాధన కిందికి రాదు, నోటితో పైకి అనాలి. చిన్న చీటీ మీద మూడు అంశాలు రాసుకోండి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి వచ్చి ఉండాలి, మధ్యదంతా ఆ చీటీ ఆధారంగా రోజుకో రకంగా చెప్పి చూడండి. ఆ విషయం ఏమాత్రం తెలియని మనిషిని, అమ్మనో పక్కింటాయన్నో కూర్చోబెట్టి చెప్పండి. వాళ్ల కనుబొమ్మలు ఎక్కడ ముడిపడ్డాయో అక్కడ మీ మాట తేలిక కావాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే మొదట ఇబ్బందిగా ఉంటుంది గాని, ‘యాక్చువల్‌గా’, ‘ఏంటంటే’, ‘సో’ ఎన్నిసార్లు దొర్లాయో తెలిసిపోతుంది. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ ప్రసంగ సాధన కోసం మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఈ ఊతపదాలను లెక్కపెట్టడానికే ఒక మనిషి ఉంటారు. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే పద్ధతీ ఉంది. హైదరాబాద్‌లో అలాంటి క్లబ్బులు చాలానే ఉన్నాయి. అవి అందుబాటులో లేకపోతే అపార్ట్‌మెంట్ సంఘం మీటింగో, బడిలో తల్లిదండ్రుల సమావేశమో చాలు. అక్కడ లేచి ఒక్క ప్రశ్న అడగడం కూడా ప్రసంగమే.

వేదిక మీద నిలబడ్డాక గోడల్ని, పైకప్పునీ చూడకండి. ఒక వాక్యం ఒక మనిషి కళ్లలోకి చూస్తూ పూర్తిచేసి, తర్వాతి వాక్యానికి ఇంకో వైపు మరొకరిని ఎంచుకోండి. ముఖ్యమైన మాట చెప్పాక ఒక్క క్షణం ఆగండి. మీకు యుగంలా అనిపించే ఆ విరామం, వినేవాళ్లకు ఆ మాట లోపలికి దిగడానికి పడే సమయం.

పది నిమిషాలిస్తే ఎనిమిది నిమిషాలకే సిద్ధపడండి. ‘చివరగా ఒక్క మాట’ అని మూడుసార్లు అనే వక్తను జనం క్షమించరు. మిమ్మల్ని విన్నవాళ్లు లేచి వెళ్లి ఏం చేయాలో ఒక్క పని చెప్పండి. రక్తదానం గురించి మాట్లాడితే, దాని గొప్పతనం దగ్గరే ఆగిపోకుండా, రేపు ఉదయం తొమ్మిదింటికి పంచాయతీ ఆఫీసు దగ్గర శిబిరం, నేను ముందుగా వచ్చి పడుకుంటాను, నాతో ఎవరొస్తారో చేతులెత్తండి అని అడగండి. చేతులు లెక్కపెట్టి, పేర్లు రాసుకుని, కూర్చోండి.