న్యాయ సలహా: జామాయిల్ తోటకు కంచె పడింది, మా హక్కు పోయినట్టేనా?

ప్రశ్న: మాది దొనకొండ మండలం. మా చేను పక్కనే ఒక ఆసామి పట్టా భూమి ఉంది. ఒకప్పుడు బీడు, తర్వాత జామాయిల్ వేశారు. మా తాత నాటి నుంచి కుక్కలతో అక్కడే కుందేళ్లు, కౌజులు పట్టేవాళ్లం. మేకలను తోలేవాళ్లం, పుల్లలు తెచ్చుకునేవాళ్లం. చేనికి బండి కూడా అందులోంచే పోయేది. ఇప్పుడు కొన్నవాళ్లు ముళ్లకంచె వేసి గేటుకు తాళం పెట్టారు. ఏం చేయాలి?

జవాబు: వేట సంగతి ముందే తేల్చేద్దాం. దానిమీద ఆశ వదులుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ అడవికే కాదు, పట్టా భూమికీ వర్తిస్తుంది. ఆసామి తన పొలంలో తాను కుందేలును పట్టినా నేరమే. అలాంటప్పుడు పాత ఆసామి మీకు అనుమతి ఇచ్చి ఉన్నా దానికి విలువేముంది? శిక్ష మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 2006 అటవీ హక్కుల చట్టం కూడా సంప్రదాయ హక్కుల్లోంచి వేటను తీసేసింది. దావాలో 'తరతరాల వేట హక్కు' అని రాయించారంటే నేరం మీరే ఒప్పుకున్నట్టు.

మిగతావి వేరు. 1882 ఈజ్‌మెంట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, పక్కవాడి భూమిని 20 ఏళ్లు బహిరంగంగా, గొడవ లేకుండా, ఎడతెగక, హక్కుగా వాడుకుంటే అది నిజంగానే హక్కవుతుంది, దాన్నే ఈజ్‌మెంట్ అంటారు. దారే కాదు, పశువులను మేపుకోవడం, కలప తెచ్చుకోవడం, చివరికి ఎరువుకు రాలిన ఆకు ఏరుకోవడం కూడా ఆ చట్టంలోని ఉదాహరణల్లో ఉన్నాయి. రాసినవాళ్లెవరో పల్లెను బాగానే చూశారు. అయితే ఆ వాడకం మీ సొంత చేనికో ఇంటికో మేలు చేసేదిగా ఉండాలి. సెంటు భూమి లేనివారికి ఈ సెక్షన్ అక్కరకు రాదు.

అసలు చిక్కు 'హక్కుగా' అన్నచోటే. మన ఊళ్లలో మర్యాద కొద్దీ 'బాబాయ్, తోటలోకి పోతున్నాం' అని చెప్పి వెళ్తాం. చెప్పి వెళ్లడం వేరు, అడిగి వెళ్లడం వేరు. అడిగి వెళ్లారని తేలితే కోర్టు దాన్ని లైసెన్సు, అంటే ఉత్త అనుమతి అంటుంది. పాత ఆసామి ఇచ్చిన లైసెన్సుకు కొన్నవాళ్లు కట్టుబడనక్కర్లేదు. ఈజ్‌మెంటైతే భూమి ఎన్ని చేతులు మారినా దాని వెంటే వస్తుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న బహుశా 'అడిగి వెళ్లారా?' అన్నదే.

మేకలు, పుల్లల విషయంలో సాక్ష్యం నిలబెట్టడం కష్టం. బండిదారి మీద గట్టిగా నిలబడండి. ముందు గ్రామ సర్వేయర్ దగ్గర గ్రామ పటం, పాత ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) చూడండి. ఆ బాట డొంకగా నమోదై ఉంటే అది ప్రభుత్వానిదే, పట్టాదారుది కాదు. అప్పుడు ఆక్రమణ మీద తహసీల్దారుకు అర్జీ పెడితే చాలు. లేకపోతే మీ దస్తావేజుల్లో హద్దుల కాలమ్ చదవండి, 'బండి బాట' అన్న మాట ఒక్కటున్నా బలమే.

కంచె మాత్రం మీరు తెంచొద్దు. తెంచితే సివిల్ తగాదా క్రిమినల్ కేసవుతుంది. తాళం పడిన రోజు నుంచి రెండేళ్లలోపే దావా వేయాలి, ఆ గడువు దాటితే 20 ఏళ్ల అనుభవం లెక్కకు రాదు. వకీలు ఫీజు ఇచ్చుకోలేనివారు 15100కు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. చేను మీ అమ్మగారి పేరున ఉంటే దరఖాస్తు ఆమె పేరుతోనే పెట్టించండి.