ఇంగ్లీషు కంటికి వచ్చినదా, చెవికి వచ్చినదా?

మన విద్యార్థులకు సంవత్సరము పొడుగున ఇంగ్లీషులో పరీక్షలు జరుగుచునే యున్నవి. వ్యాకరణము పరీక్షింపబడును; పదజాలము పరీక్షింపబడును; ఉత్తరములును సంభాషణలును వ్రాయు నేర్పు పరీక్షింపబడును. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో ప్రశ్నపత్రము చదువుకొనుటకు 15 నిమిషములు, జవాబులు వ్రాయుటకు 3 గంటలు నియమింపబడినవి. ఇంత కాలములో విద్యార్థి చెవికి మాత్రము పని లేదు. ఇంగ్లీషు విని గ్రహించు శక్తిని కొలుచు భాగము ఆ పత్రములో లేనేలేదు.

దీనివలన కలుగు చిక్కు పరీక్షనాడు కనబడదు. ఆ పిమ్మట కనబడును. మొగల్తూరులో పదవ తరగతి ముగించి భీమవరమునకో రాజమహేంద్రవరమునకో పోయిన బాలుడు ఇంగ్లీషులో గంటసేపు సాగెడు ఉపన్యాసమును విని, సగము గ్రహింపక, ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాసికొనును. ఇంటికి వచ్చినపుడు తండ్రితో చెప్పుకొనుటకు సిగ్గుపడును. తండ్రియో, “పదవ తరగతిలో ఇంగ్లీషునందు మంచి మార్కులే వచ్చినవి గదా!” యని ఆశ్చర్యపడును. మార్కులు నిజమైనవే, కాని అవి వేరొక సంగతిని గూర్చిన మార్కులు. పనికొరకు గల్ఫు దేశములకు పోవు మనవారి సంగతియు నిట్టిదే. అక్కడ యజమాని చెప్పినమాట కాగితముమీద వ్రాసియీయడు.

కావున ఈ వ్యాసములో రెండు సంగతులు విచారింపదలచితిమి: మన బాలబాలికలు ఇంగ్లీషును ఎంతవరకు విని గ్రహించుచున్నారు, ఎంతవరకు చదివి గ్రహించుచున్నారు అనుదానిని మనమే పాఠశాలలో ఎట్లు తెలిసికొనవచ్చును? ఇది ఉపాధ్యాయులకు మాత్రమే సంబంధించిన విషయమని తల్లిదండ్రులు పుట త్రిప్పివేయకుందురుగాక.

ఇతర దేశములలో ఈ పని ఎట్లు జరుగుచున్నదో కొంచెము చూతము. చీనా దేశములో ఉన్నత పాఠశాల ముగించినవారు వ్రాయు కళాశాల ప్రవేశపరీక్ష 1952లో ఏర్పడి, నడుమ ఆగిపోయి, 1977లో మరల నారంభమైనది. అందలి ఇంగ్లీషు పత్రమునకు 150 మార్కులు; జాతీయ పత్రములో వాటియందు 30 మార్కులు వినుటకే యియ్యబడినవి. చిన్న సంభాషణలు ఒక్కసారియు, పెద్దవి రెండుసారులును వినిపింతురు. ఆ సమయమున పరీక్షాస్థలముల దగ్గర కట్టడపు పనులు ఆపుదురు, మోటారుబండ్ల హారనులు మ్రోగనీయరు. ఒక పరీక్షలో చెవికి చోటిచ్చినచో ఊరంతయు నిశ్శబ్దము పాటింపవలసివచ్చునన్నమాట! అంతటి యేర్పాటు లేనిచోట వినికిడి పరీక్ష పెట్టుట అన్యాయమగును.

మన రాష్ట్రములోను ఒక ప్రయత్నము జరిగినది. 1947లో అమెరికాలో నెలకొల్పబడి ప్రిన్స్‌టన్ వద్ద నడుచుచున్న ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అను సంస్థతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2023లో ఒడంబడిక చేసికొని, ప్రభుత్వ పాఠశాలలలో 3 మొదలు 5 వరకు చదువువారికి టోఫెల్ ప్రైమరీ, 6 మొదలు 9 వరకు చదువువారికి టోఫెల్ జూనియర్ అను పరీక్షలు ఏర్పరచెను. 2024 ఏప్రిల్ నెలలో ఆ పరీక్షలు జరిగినవి. ఆ సంవత్సరముననే ప్రభుత్వము మారిన పిమ్మట ఆ యేర్పాటు విరమింపబడినది. దాని మంచిచెడ్డలను గూర్చి పెద్దలు పలువిధముల పలికిరి. ఆ వాదముతో మనకు పని లేదు. ఆ పరీక్ష కట్టడి మాత్రము చూడదగినది. టోఫెల్ జూనియర్ సాధారణ రూపములో మూడు భాగములుండును: వినుట, భాషారూపములు, చదువుట. ఒక్కొక్కదానిలో 42 ప్రశ్నలు. వినుటకు 40 నిమిషములు, భాషారూపములకు 25, చదువుటకు 50. వినిపించునది ఒక్కసారియే. ప్రతి భాగమునకును వేరువేరుగ 200 మొదలు 300 వరకు అంకెలు వేయుదురు గనుక, చదువుటలో బలముగ నుండి వినుటలో బలహీనుడైన విద్యార్థి యెవడో స్పష్టముగ తేలును. మాకు నచ్చినది ఇదియే. అన్నిటిని కలిపి ఒక్క మార్కు వేసినయెడల ఏ రోగమో తెలియక మందిచ్చినట్లగును.

నచ్చనిదియు ఒకటి కలదు. ఆ సంభాషణలు అమెరికా పాఠశాల జీవితమునుండి గ్రహింపబడినవి. పుస్తకములు దాచుకొను లాకరు, మధ్యాహ్నము తిను కాఫెటీరియా మన పిల్లలు చూచినవి కావు. మాట వినబడినను వస్తువు మనస్సునకు రాదు. ఉచ్చారణయు వేరు. మేము తరగతిలో చేయలేనను అర్థముగల మాటను ‘కాంట్’ అని దీర్ఘముతో పలుకుదుము; చేయగలనను దానిని ‘క్యాన్’ అందుము. విద్యార్థి ఆ దీర్ఘమునుబట్టియే భేదము పోల్చుకొనును. అమెరికావారు రెంటిని ఒకే అచ్చుతో పలికి, ‘క్యాంట్’ చివరనున్న టకారమును మ్రింగివేయుదురు. వారికి భేదము తెలిసెడిది ఊనికవలన: ‘క్యాంట్’ను ఒత్తి పలుకుదురు, ‘క్యాన్’ను వాక్యమధ్యమున తేల్చి ‘కెన్’ అనునట్లు విడుతురు. ఇది తెలియని విద్యార్థికి ‘రాగలను’, ‘రాలేను’ అనునవి రెండును ఒక్కటియే యగును.

ఇక మన చెవి సంగతి. ఇంగ్లీషు వినుటలో ఒక్కొక్క భాషవారికి ఒక్కొక్క కష్టము. పుస్తకములలో నుండు అభ్యాసములు పెక్కు ఇతరులకొరకు వ్రాయబడినవి. ఓడయను అర్థముగల ‘షిప్’, గొఱ్ఱెయను అర్థముగల ‘షీప్’ అను రెంటికి భేదము తెలిసికొనుట చీనావారికి కష్టము. మనకు హ్రస్వదీర్ఘములు ఉగ్గుపాలతో వచ్చినవి గనుక ఒకటవ తరగతి పిల్లవాడును పోల్చును. ఇట్టి అభ్యాసములతో గంటలు గడపుట మన తరగతులలో కాలహరణమే. మన కష్టము వేరొకచోట నున్నది. తెలుగుమాటలు చాలవరకు అచ్చుతో ముగియును. బస్సు, కారు, రోడ్డు, పెన్ను అని పరభాషాపదములకును ఒక ఉకారము తగిలించి మనవిగా చేసికొన్నాము. కావున మాట చివర హల్లు వచ్చి, దానివెంట మఱియొక హల్లు వచ్చినయెడల మన చెవి దానిని జారవిడుచును. ఇంగ్లీషులో బహువచనమును, భూతకాలమును తెలుపు గుర్తులు సరిగా ఆ చివరనే యుండుట మన దురదృష్టము! ‘ఆస్క్’ అనినను ‘ఆస్క్‌ట్’ అనినను ఒక్కటిగ తోచుటచేత, నిన్న అడిగెనా నేడు అడుగునా యనునది తెలియక, కథ తారుమారగును. రెండవ కష్టము వకారము. పెదవిని పంటితో తాకించి పలుకునది ఒకటి, పెదవులు గుండ్రముగ చేసి పలుకునది మఱియొకటి. మన వకారము రెంటికి నడుమ నుండుటచేత ‘వెస్ట్’ అనగా పడమరయో, లోపల తొడుగుకొను బనీనో చెప్పలేము. మూడవది ‘పెన్’, ‘ప్యాన్’ అను మాటలయందలి అచ్చు. ఇందు విచిత్రమేమనగా, ‘వచ్చాడు’, ‘చెప్పాడు’ అని మన యిండ్లలో మాటలాడునప్పుడు ఆ ‘ప్యాన్’లోని ధ్వనియే మన నోట వచ్చుచున్నది, దానికి ప్రత్యేకమైన అక్షరము లేకపోవుటచేత అది మనకున్నదని మనమే యెఱుగము. ఈ సంగతి చెప్పి ఆ మాటలు పలికించినచో పిల్లలు నవ్వుచు నేర్చుకొందురు.

అయితే పరీక్షించువారును జాగ్రత్తపడవలెను. ‘వాక్‌ట్’ అను మాట తరువాత ‘టు’ అను మాట వచ్చినయెడల రెండు టకారములు కలిసిపోయి ఇంగ్లీషువారి చెవికిని భేదము తెలియదు. అట్టి వాక్యము చదివి భూతకాలమా కాదా యని అడుగుట పిల్లవానికి ఉచ్చు పన్నుటయే.

చదువుటను గూర్చి మాట్లాడుదము. ఢాకా నగరములో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడపిన మైకేల్ వెస్ట్ అను ఆయన 1926లో ప్రకటించిన గ్రంథమున, ఈ దేశపు విద్యార్థికి అన్నిటికంటె ముందు కావలసినది ఇంగ్లీషు చదివి గ్రహించు శక్తియే యని వాదించెను. ఆ చదువుట వేరు, మనము తరగతిలో చేయించు చదువుట వేరు. తడబడక బిగ్గరగ చదువు బాలికను చూచి తల్లిదండ్రులు మురియుదురు. నోరు చదువుచుండగా మనస్సు ఎక్కడనో యుండవచ్చును. ప్రశ్నలకు జవాబు వ్రాసినది గనుక అర్థమైనదే యందురా? ఈ క్రింది వాక్యములు చూడుడు; ఇందలి మాటలు మేము కల్పించినవి, వాటికి అర్థము లేదు.

“గొందకుడు తొరిక యొద్ద గుమిటను లేపిరించెను. గుమిట చాల పిస్కరముగ నుండెను. అందుచేత గొందకుడు దానిని వెల్లమునకు చెదిపెను.”

గొందకుడు దేనిని లేపిరించెను? గుమిటను. గుమిట యెట్లుండెను? పిస్కరముగ నుండెను. దానిని వెల్లమునకు ఏల చెదిపెను? అది పిస్కరముగ నుండుటచేత. మూడింటికి మూడు జవాబులును సరియే! చదువరులలో ఒక్కరికైనను ఒక్క ముక్కయైన అర్థమైనదా? మన విద్యార్థులు ఇంగ్లీషు పాఠములను అనేకసారులు ఈ విధముననే జయించుచున్నారు. ప్రశ్నలోని మాట పాఠములో ఎక్కడనున్నదో వెదకి, ఆ వాక్యమును దించివ్రాయుదురు. గైడు పుస్తకములు ఈ విద్యనే బోధించుచున్నవి. దీనికి విరుగుడు ప్రశ్నలోనే యున్నది. “ఆ పని చేసిన పిమ్మట గొందకుడు సంతోషించియుండునా, విచారించియుండునా?” అని అడిగినచో దించివ్రాయుటకు ఏమియు దొరకదు.

ఇంకొక తప్పుదారి కూడ కలదు. రొయ్యల చెరువులను గూర్చియో కొబ్బరిని గూర్చియో ఇంగ్లీషులో ఒక పేరా ఇచ్చి ప్రశ్నించినయెడల, మన ప్రాంతపు పిల్లవాడు పేరా చదువకుండగనే సగము జవాబులు చెప్పగలడు. ఆ విద్య వాని తండ్రి నేర్పినది. కావున మేము క్రొత్త పత్రము తయారుచేసినపుడు ముందుగ వేరొక తరగతివారికి పేరా లేకుండ ప్రశ్నలు మాత్రమే యిచ్చి చూతుము. ఎక్కువమంది సరిగ చెప్పిన ప్రశ్నను తీసివేయుదుము. 2020–21 మొదలు వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకములలో ఒక ప్రక్క తెలుగు, ఎదుట ఇంగ్లీషు ఉండుట చిన్నవారికి ఊరటయే. కాని అట్టి పుటనుండి చదువుట పరీక్షింపరాదు. కన్ను పల్లమునకే పోవును.

ఇప్పుడు మేము అనుసరించు పద్ధతి చెప్పెదము. దీనికి ఖర్చు లేదు. ఏ పాఠశాలలోనైనను చేయవచ్చును. సమానమైన కష్టముగల రెండు చిన్న కథలు తీసికొని, ఒక్కొక్కదానికి పది ప్రశ్నలు వ్రాయవలెను. హాజరు పట్టీలో బేసి అంకెలవారు మొదటి కథ చదువుదురు, రెండవది విందురు; సరి అంకెలవారు మొదటిది విందురు, రెండవది చదువుదురు. ఇట్లు మార్చుటచేత, ఒక కథ సులభమైనను అది వినుటకో చదువుటకో మేలుచేయక రెంటికి సమముగ పంచబడును. విను కథకు ప్రశ్నలను ముందుగ చూచుకొనుటకు రెండు నిమిషములు ఇయ్యవలెను. ఆరు, ఏడు తరగతులవారికి ఆ ప్రశ్నలు తెలుగులోనే యుండుట మేలని మా అభిప్రాయము. ఇంగ్లీషులో నున్నయెడల వినుటను పరీక్షించుచున్నామని తలచి చదువుటను పరీక్షించినవారమగుదుము. చదివి వినిపించువారు ఆ తరగతికి నిత్యము బోధించువారు కారాదు, ఏలననగా పిల్లలు తమ అయ్యగారి ఇంగ్లీషుకు మాత్రమే అలవాటుపడియుందురు. పంకా చప్పుడును, రేకుల కప్పుమీద వాన చప్పుడును లేని గదిని, దినమును చూచుకొనవలెను. వెనుక బెంచీవారు కొన్ని మాటలు వినబడలేదన్నచో అది వారి లోపము కాదు.

మార్కులను చూచునపుడు ఒక లెక్క మరువరాదు. నాలుగు జవాబులలో ఒకటి గుర్తించు ప్రశ్నలైనచో కన్నులు మూసికొని గుర్తించినవానికిని నాలుగింట ఒకటి సరిపడును. ఇరువది ప్రశ్నలకు అయిదు మార్కులు వచ్చినవానికి “కొంచెము వచ్చును” అనరాదు. ఏమియు రానివానికిని అన్నియే రావచ్చును.

మార్కులు పట్టికలో వేసినపిమ్మట తరగతి నాలుగు గుంపులగును. రెంటను బాగుగనున్నవారిని గూర్చి చెప్పవలసినది లేదు. చదువుట వచ్చి వినుట రానివారు మాలో ఎక్కువ. వీరికి దినమునకు పది నిమిషములు చిన్న కథలు చదివి వినిపించి, ఆ పిమ్మట అదే కథను కన్నులార చూపవలెను. వారు తెలియదనుకొన్న మాటలలో పెక్కు తెలిసినవే యని అప్పుడు గ్రహింతురు. నరసాపురపు రైల్వే స్టేషనులో వినబడు ప్రకటనలు కూడ మంచి పాఠమే: బండి అంకె, వేళ, ప్లాటుఫారము అను మూడింటిని ఇంగ్లీషులో విని వ్రాసికొని, తెలుగు ప్రకటనతో తామే సరిచూచుకొనవచ్చును. వినుట వచ్చి చదువుట రానివారు కొందరే. బొమ్మల సినిమాలు చూచి, విదేశమునందున్న బంధువులతో ఫోనులో మాట్లాడి నేర్చినవారు వీరు. పరీక్షలో వీరికి వచ్చునవి తక్కువ మార్కులే గనుక వీరిని మందమతులని తలచు అపాయము కలదు. అట్టివారిని ఈ పరీక్షయే బయటపెట్టును.

నాలుగవ గుంపువారు రెంటను వెనుకబడినవారు. వీరికి వెంటనే మఱింత ఇంగ్లీషు చెప్పుటకు మేము తొందరపడము. అంతటి పొడవుగల కథనే తెలుగులో ఇచ్చి పది ప్రశ్నలు వేయుదుము. తెలుగులో బాగుగ చెప్పినవానికి లోపము ఇంగ్లీషు మాటలలోనే. వానికి మాటలు నేర్పినచో చాలును. తెలుగులోను తడబడినవాని విషయము వేరు. వానికి కావలసినది తెలుగు కథల పుస్తకమును, ప్రక్కన కూర్చుండి వినువారొకరును. అమ్మకు చదువు రాకపోయినను, నాయనమ్మయైనను సరే, పది నిమిషములు కూర్చుండి “తరువాత నేమయినది?” అని అడిగిన చాలును. అట్టి పిల్లల తల్లిదండ్రులను పిలిపించి ఈ మాటయే చెప్పుచున్నాము. ట్యూషనులో చేర్పింపుమని చెప్పుట లేదు.