కార్డు ఉంటే చాలదు, జాబితాలో పేరుండాల

ఈ వారం పాఠం పురుగుల మీద కాదు, ఓటు మీద. ఇది ఏ పార్టీ తరఫున రాసింది కాదు. ఎవరికి వేయాలో మేము చెప్పం. పేరు ఉందో లేదో ఎలా చూసుకోవాల, లేకపోతే ఎలా చేర్చుకోవాల, నిలబడినవాళ్ల గురించి నమ్మదగిన సమాచారం ఎక్కడ దొరుకుతుంది, ఈ మూడే చెబుతాం.

ప్రతి ఎన్నికలోనూ బూత్ దగ్గర ఒక మాట వినబడుతుంది: "కార్డు ఉండాది కదా, ఓటు ఎందుకు వేయనియ్యరు?" కార్డు అనేది మనం ఫలానా అని చూపే గుర్తింపు మాత్రమే. ఓటు హక్కు ఇచ్చేది ఓటర్ల జాబితా. కార్డు ఉండి జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. జాబితాలో పేరుండి కార్డు పోయినా, వేరే గుర్తింపు చూపి ఓటు వేయొచ్చు. పాఠమంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది.

పోయిన ఎన్నికలో వేశాం కాబట్టి ఈసారీ పేరుంటుంది అనుకోవద్దు. తమిళనాడులోనూ, పుదుచ్చేరిలోనూ (మన యానాం దాంట్లోదే) 2025 నవంబరు 4 నుంచి ప్రత్యేక సమగ్ర సవరణ మొదలైంది. అందులో ఇంటికి వచ్చిన ఫారం నింపి తిరిగి ఇవ్వనివాళ్ల పేర్లు ముసాయిదా జాబితాలోకి ఎక్కలేదు. కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రల్లో ఉన్నవాళ్లు కూడా మీ దగ్గర ఇలాంటి సవరణ ఎప్పుడు జరిగినా ఫారం వదిలిపెట్టకండి. బూత్ స్థాయి అధికారి వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటే నష్టం మనదే. ఐదో దశలో ఉన్న పురుగుకు ఆకు వేయడానికి అందరం షెడ్డులోనే ఉంటాం. ఆ రోజుల్లో ఇంట్లో ఒక్కరికైనా ఈ పని అప్పజెప్పండి.

1. ముందు పేరు వెతకండి

ఫోనులో "ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్" తెరవండి. ఇది భారత ఎన్నికల సంఘం సొంత పోర్టల్. ఇదివరకు ఓటర్ హెల్ప్‌లైన్ యాప్‌లోనూ ఇదే పని అయ్యేది. సంఘం తన విడివిడి యాప్‌లను ఈసీఐనెట్ అనే ఒకే యాప్ కిందికి తెచ్చింది, అది కనబడితే కంగారు పడకండి. ఫోను చేతకానివాళ్లు 1950కి ఫోన్ చేయొచ్చు.

వెతకడానికి మూడు దారులున్నాయి: కార్డు నంబరు, మొబైల్ నంబరు, పేరు-వివరాలు. మనవాళ్లు కార్డు నంబరుతోనే వెతకడం మేలు. కారణం ఉంది. మన పేర్లు తెలుగువి, జాబితా కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో తయారవుతుంది. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. ప, బ లకూ అంతే. గోవిందప్ప కోవిందప్ప అయిపోతాడు, బాలమ్మ పాలమ్మ అయిపోతుంది. ఇంటిపేరు ముందు రాస్తారో వెనక రాస్తారో, పొడి అక్షరం చేస్తారో తెలియదు. పేరుతో వెతికి "లేదు" అని వచ్చినంత మాత్రాన పేరు లేనట్టు కాదు. కార్డు నంబరుతో చూశాక కూడా రాకపోతే, మీ రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో మీ ఊరి భాగం జాబితా దించుకుని కళ్లతో చూడండి.

పేరు దొరికితే భాగం సంఖ్య, వరుస సంఖ్య, బూత్ పేరు రాసిపెట్టుకోండి. స్క్రీన్‌షాట్ తీసి ఇంటివాళ్లకు పంపండి. మీ ఒక్కరిదే కాదు, ఇంట్లో అందరివీ చూడండి. ఒకే ఇంట్లో భర్త పేరుండి భార్య పేరు లేకపోవచ్చు.

2. ఏ పనికి ఏ ఫారం

ఫారం 6: కొత్తగా పేరు చేర్చుకోవడానికి. 18 ఏళ్లు నిండాలి. ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క తేదీ. 2022 ఆగస్టు నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1, నాలుగు తేదీలూ లెక్కకు వస్తాయి. 17 నిండిన పిల్లలు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 18 నిండాక వచ్చే లెక్క తేదీని బట్టి పేరు ఎక్కుతుంది.

ఫారం 8: ఇల్లు మారినా, పేరులోనో వయసులోనో తప్పున్నా, కార్డు పోయినా, దివ్యాంగులని గుర్తు పెట్టించుకోవాలన్నా ఇదే. పెళ్లై వేరే ఊరికి వచ్చిన కోడళ్లు కొత్తగా ఫారం 6 పెట్టకూడదు. పుట్టింటి దగ్గర పేరుంటే ఫారం 8తో ఇక్కడికి మార్పించుకోవాల.

ఫారం 7: చనిపోయినవాళ్ల పేరు తీయించడానికి, లేదా ఒక పేరు మీద అభ్యంతరం చెప్పడానికి.

దరఖాస్తు పెట్టాక ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. అది పోగొట్టుకోకండి. దరఖాస్తు ఎక్కడి దాకా వచ్చిందో దానితోనే తెలుస్తుంది. అభ్యంతరాలకు వారం గడువు, ఆ తర్వాత ఇంటికొచ్చి విచారణ, ఇదంతా ఉంటుంది. కాబట్టి గుడ్లు పొదిగినప్పటి నుంచి గూళ్లు మార్కెట్‌కు పోయేదాకా పట్టే కాలమంతా దీనికీ పడుతుందని లెక్క వేసుకుని ముందే పెట్టండి. నామినేషన్ల ఆఖరి తేదీ దాటితే ఆ ఎన్నికకు జాబితాలో మార్పు చేయరు. ఎన్నికల కబురు తెలిశాక పరుగెత్తితే అందదు.

దరఖాస్తు తిరస్కరించినా, పేరు తీసేసినా అంతటితో అయిపోలేదు. ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లో జిల్లా మేజిస్ట్రేట్‌కు అప్పీలు చేయొచ్చు. అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి పోవచ్చు.

3. ఈ గట్టున ఇల్లు, ఆ గట్టున చేను

సరిహద్దులో ఉన్న మనకు ఇది అసలు చిక్కు. ఇల్లు చింతామణి తాలూకాలో, చేను మదనపల్లె వైపు. లేదా ఇల్లు హొసూరు దగ్గర, బంధువులంతా కుప్పంలో. ఓటు ఎక్కడ?

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్పేది సూటిగా ఉంది. మామూలుగా ఎక్కడ కాపురం ఉంటామో అక్కడే ఓటు. చేనో ఇల్లో మన పేరు మీద ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదు. రెండు నియోజకవర్గాల్లో పేరుండకూడదు, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదు. పని మీద కొన్నాళ్లు బయటికి పోయినంత మాత్రాన సొంతూరి నివాసం పోదు. దరఖాస్తులో తెలిసి అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "రెండు చోట్లా ఉంటే మంచిదే కదా" అని ఎవరైనా అంటే వినకండి. పాత చోటి పేరు ఇప్పుడే మార్పించుకోండి.

4. నిలబడినవాళ్లెవరు?

చాకీ తెచ్చేటప్పుడు ఏ రోజు పొదిగాయి, రెండో జ్వరం సరిగ్గా దాటాయా అని అడక్కుండా తేము. ఐదేళ్లకు ఎన్నుకునేవాళ్ల గురించి కూడా అలాగే అడగాల.

నామినేషన్ వేసే ప్రతి అభ్యర్థీ ఫారం 26 అనే ప్రమాణపత్రం ఇవ్వాలి. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఈ హక్కు మనకు వచ్చింది. అందులో పెండింగు కేసులు, తన పేరునా భార్య లేక భర్త పేరునా ఉన్న ఆస్తులు, అప్పులు, ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలు, చదువు ఉంటాయి. ఎన్నికల సంఘం సైట్‌లో "అఫిడవిట్" అని వెతికితే నియోజకవర్గం వారీగా వస్తాయి. సంఘం నో యువర్ క్యాండిడేట్ అనే యాప్ కూడా తెచ్చింది. అవే పత్రాలను అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ అనే సంస్థ మైనేతా అనే సైట్‌లో పట్టికలుగా పెడుతుంది. ఇది ఏ పార్టీదీ కాదు. కేసులున్న అభ్యర్థి ప్రచార కాలంలో ఆ వివరాలను పేపర్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలన్న నియమమూ ఉంది.

చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, కేసు ఉండడం వేరు, శిక్ష పడడం వేరు. రెండు, ఆ పత్రం అభ్యర్థి తానుగా రాసిచ్చింది. అందరిదీ ఒకే కొలతతో చూడండి, మీకు నచ్చినవాళ్లది కూడా.

ఇప్పటికే పదవిలో ఉన్న ఎంపీ ఏం చేశారో చూడాలంటే సంసద్ సైట్‌లో ప్రశ్నలు వెతకండి. పీఆర్ఎస్ అనే సంస్థ హాజరు, అడిగిన ప్రశ్నలు లెక్కగట్టి పెడుతుంది. మంత్రులు ప్రశ్నలు అడగరు కాబట్టి వాళ్లకు ఆ లెక్క కుదరదు. "పట్టు" గురించి మీ ఎంపీ ఎన్నిసార్లు అడిగారో చూడండి.

ఎవరిని ఏం అడగాలో కూడా తెలియాల. దిగుమతి పట్టు మీద సుంకం కేంద్రం చేతిలో ఉంది. 2021 బడ్జెట్‌లో ముడి పట్టు మీద దాన్ని 10 నుంచి 15 శాతానికి పెంచారు. సెంట్రల్ సిల్క్ బోర్డూ కేంద్రానిదే. వీటిని ఎంపీ అభ్యర్థిని అడగండి. గూళ్ల మార్కెట్ నడిపే తీరు, షెడ్డు సబ్సిడీ, రాష్ట్ర పట్టు శాఖ సిబ్బంది ఖాళీలు, ఇవి ఎమ్మెల్యేను అడగాల్సినవి. ఊరి దారి, వీధి దీపం పంచాయతీవి. పంచాయతీ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అది వేరే కార్యాలయం, వేరే సైట్.

5. వాట్సాప్ కబుర్లు

"జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపి ఛాలెంజ్ ఓటు అడగండి" అనే మెసేజ్ ప్రతి ఎన్నికకూ తిరుగుతుంది. అది అబద్ధం. పేరు లేకపోతే ఏ ఓటూ లేదు. "టెండర్ ఓట్లు 14 శాతం దాటితే మళ్లీ పోలింగ్" అనేదీ అబద్ధమే. టెండర్ ఓటు మాత్రం నిజంగా ఉంది: మీ పేరు మీద ఇంకెవరో ముందే వేసేసి ఉంటే, మీరే అసలువారని తేలాక విడిగా బ్యాలెట్ కాగితం మీద వేయనిస్తారు.

6. ఆ రోజుకి

ఓటరు స్లిప్పు ఒక్కటే చూపితే గుర్తింపు కింద ఒప్పుకోరు. కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి పనికొస్తాయి. 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి నుంచే ఓటు వేయడానికి ఫారం 12డీ ఇవ్వొచ్చు. నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోపే ఇవ్వాల. రీలింగ్ యూనిట్లలో కూలికి పోయేవాళ్లకు పోలింగ్ రోజు జీతం కోయకుండా సెలవు ఇవ్వాలని చట్టం. పొద్దున ఆకు వేసి పోవడం ఆలస్యమైనా, ముగింపు గంటకు వరుసలో నిలబడి ఉంటే చాలు, ఓటు వేయనిస్తారు.

ఈ వారం పని

ఒకటి: ఇంట్లో 18 నిండిన అందరి పేర్లూ వెతికి, భాగం సంఖ్య, వరుస సంఖ్య చాకీ లెక్కలు రాసుకునే పుస్తకం వెనక అట్ట మీద రాయండి.
రెండు: 17 నిండిన పిల్లలుంటే ఫారం 6 పెట్టించండి.
మూడు: ఫోను లేని పక్కింటి ముసలివాళ్లవి ఇద్దరివి చూసిపెట్టండి. వాళ్ల ఓటీపీ, ఆధార్ నంబరు మాత్రం మీ ఫోనులో దాచుకోవద్దు, గ్రూపులో పెట్టొద్దు.

పేరు దొరకనివాళ్లు ఏ దగ్గర ఆగిపోయారో గ్రూపులో రాయండి, తర్వాతి అడుగు చెబుతాం. అభ్యర్థుల ప్రచారం మాత్రం ఈ గ్రూపులో వద్దు. వచ్చే వారం మళ్లీ పురుగుల దగ్గరికే వద్దాం: వానకాలంలో పడకలు ఆరబెట్టడం, సున్నం చల్లడం.