అనుదిన జీవితములో ప్రార్థన

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 16:13-30, నెహెమ్యా 1:1 – 2:8, దానియేలు 6:1-10, మత్తయి 6:5-13, 2 కొరింథీయులకు 12:7-10.



మన సంఘములలో ప్రార్థన కూడికలకు కొదువ లేదు. ఆదివారపు ఆరాధన యున్నది. ఉపవాస కూడిక యున్నది. స్త్రీల కూడిక యున్నది. క్రొత్త యింటికి ప్రార్థన, బోరు వేయునప్పుడు ప్రార్థన, బిడ్డ పరీక్షకు పోవునప్పుడు ప్రార్థన, కొడుకు దుబాయి విమానమెక్కుటకు ముందు ప్రార్థన జరుగుచునే యున్నవి. వీటి నిమిత్తము దేవునికి స్తోత్రము. అయితే సోమవారము ఉదయమున, ఎవరును చూడనప్పుడు, ఆపద యేదియు తరుముకొని రానప్పుడు, మనము దేవునితో మాటలాడుచున్నామా? ఈ నెల పాఠమునకు ఈ ప్రశ్నయే మూలము. ఇతరులను పరీక్షించుటకై మేము దీనిని ఎన్నుకొనలేదు. ఇది మొదట మమ్మునే గద్దించిన ప్రశ్న. ఆ సంగతి ముందుకు చెప్పుదుము.

1. ఆపదకు ముందే అలవాటు

దానియేలు అనగానే మనకు సింహముల గుహ జ్ఞాపకము వచ్చును. కాని గుహకు ముందు ఒక కిటికీ యున్నదని మరచిపోవుదుము. ముప్పది దినములవరకు రాజునకు తప్ప మరెవరికిని మనవి చేయరాదని శాసనము వచ్చినప్పుడు దానియేలు ఏమి చేసెను? క్రొత్తగా ఏమియు చేయలేదు. యెరూషలేము తట్టు కిటికీలు తెరచియున్న తన గదిలో, అంతకుముందు చేయుచు వచ్చిన ప్రకారమే, దినమునకు ముమ్మారు మోకాళ్ళూనెను. ఆయన పనిలేక కూర్చున్నవాడు కాడు. నూట ఇరువదిమంది అధిపతులపైనున్న ముగ్గురు ప్రధానులలో ఒకడు. లెక్కలు, తగవులు, రాజకార్యములు ఆయన తలమీద నుండెను. ఆ పనుల నడుమనే ఆ మూడు వేళలను కాపాడుకొనెను. శాసనము వచ్చిన దినమున ఆయనకు ధైర్యము ఎక్కడనుండి వచ్చినదని అడుగువారు, శాసనము రాని వేలకొలది దినములను లెక్కించవలెను.

నెహెమ్యా సంగతియు అట్టిదే. రాజు ఆయన ముఖము చూచి, నీకేమి కావలెనని అడిగెను. రాజు అడిగిన మాటకును ఈయన చెప్పిన మాటకును మధ్య నెహెమ్యా పరలోకమందున్న దేవునికి ప్రార్థన చేసెనని వ్రాయబడియున్నది (2:4). అది ఒక ఊపిరి తీసికొనునంతసేపు మాత్రమే. మనమును ఇట్టి చిన్న ప్రార్థనలు చేయుదుము: బస్సు కుదిపినప్పుడు, ఆసుపత్రి వరండాలో, ఫోను మ్రోగినప్పుడు. అవి మంచివే. అయితే మొదటి అధ్యాయము చూడుడి. కిస్లేవు మాసము మొదలుకొని నీసాను మాసమువరకు, అనగా సుమారు నాలుగు నెలలు, ఆయన యెరూషలేము కొరకు ఉపవాసముండి ప్రార్థించుచుండెను. ఆ నాలుగు నెలల ప్రార్థనయే ఆ ఒక్క ఊపిరికి బలమిచ్చినది.

2. నేటి ఆహారము నేడే

ప్రభువు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారమును అడుగుమనెను. సంవత్సరమునకు సరిపడు ధాన్యము నొక్కసారిగా అడుగుమనలేదు. ఇది విన్న యూదులకు అరణ్యములోని మన్నా తప్పక జ్ఞాపకము వచ్చియుండును. ప్రతి ఉదయము ఏరుకొనవలెను. విశ్రాంతిదినము కొరకు ఆరవ దినమున రెండంతలు ఏరుకొన్నది తప్ప, మరునాటికి దాచుకొన్నది పురుగుపట్టి కంపు కొట్టెను. నలువది యేండ్లు దేవుడు తన ప్రజలకు ఈ ఒక్క పాఠమునే నేర్పెను: నిన్నటి నమ్మకముతో నేడు బ్రదుకలేము.

మన కోటగిరి రైతులకు ఇది సుళువుగా తెలియును. మంజీర నదిమీద నిజాంసాగరు కట్టుట 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. మన తాతలనాటి ఆ కాలువ నేటికిని నిలిచియున్నది. అయితే పెద్ద కాలువ యున్నదని చెప్పి ఏ రైతును ఇంట పండుకొనడు. తన మడికి వచ్చు పిల్లకాలువలో పూడిక తీయవలెను, గడ్డి కోయవలెను, గండి పడిన గట్టు వేయవలెను. అది చేయనివాని పొలము కాలువ ప్రక్కనే యుండియు ఎండిపోవును. దేవుని కృప మన పనివలన పుట్టినది కాదు. కాలువను మనము త్రవ్వలేదు. అనుదిన ప్రార్థన కృపను కొనితెచ్చు వెల కాదు. అది మన యొద్దకు వచ్చు త్రోవలో పూడిక తీయుట మాత్రమే.

3. పని చేయుచునే ప్రార్థించుట

ఎడతెగక ప్రార్థించుడని పౌలు థెస్సలొనీక సంఘమునకు వ్రాసెను (1 థెస్స. 5:17). మనలో అనేకులు ఇది పనిపాటలు లేని సన్యాసులకు చెప్పిన మాట యనుకొందురు. కాని అదే పత్రికలో అదే పౌలు, తాను ఎవరికిని భారముగా నుండకూడదని రాత్రింబగళ్ళు కష్టపడి పనిచేసితినని చెప్పుకొనెను (2:9). ఆయన డేరాలు కుట్టువాడు (అపొ. కార్య. 18:3). కనుక ఆయన చెప్పిన ప్రార్థన సూది పట్టుకొన్న చేతులతో చేయగల ప్రార్థనయై యుండవలెను.

మన తల్లులు దీనిని మనకంటె ముందే గ్రహించిరి. పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడెల్ల వండు బియ్యములోనుండి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేసి, వారమునకొకసారి గుడికి తెచ్చుట తెలుగు సంఘములలో పాత ఆచారము. ఆ పిడికెడు తీయుచు, లేనివారి కొరకు ఒక మాట ప్రార్థించిన గృహిణి దినమునకు రెండుసార్లు పొయ్యి దగ్గరనే ప్రార్థన చేసినది. ఈ ఆచారము కొన్ని యిండ్లలో నేటికిని ఉన్నది. పోయిన యిండ్లలో మరల ఆరంభించిన మేలు.

మా సంఘములో ఒక సహోదరి యున్నది. పేరు చెప్పము. ఆమె బీడీలు చుట్టి జీవనము చేయును. పొగాకు వ్యాపారమును మేము మెచ్చుకొనుట లేదు. అయితే ఈ జిల్లాలో ఎన్నో యిండ్ల పొయ్యి ఆ చాటవలననే వెలుగుచున్నదని ఎరుగుదుము. ఆకు తడిపి, కత్తిరించి, సాయంత్రమువరకు వంగి కూర్చుండి చుట్టవలెను. ఆమె ఒక్కొక్క కట్ట కట్టునప్పుడు ఒక్కొక్కరి పేరు తలచుకొని ప్రార్థించును. కట్టకొక పేరు. మాకు ఇది చాలకాలము తెలియదు. తెలిసిన విధము ఇది.

4. అడిగినది రానప్పుడు

ఆమె పెనిమిటి అప్పు చేసి గల్ఫు దేశమునకు పోయెను. పోవుటకు ముందు ఆ దంపతులు ఒక ఒప్పందము చేసికొనిరి. అతడు కంపెనీ బస్సు కొరకు లేచు వేళ అక్కడ నాలుగు గంటలు; ఇక్కడ అయిదున్నర. ఆ వేళకు ఇద్దరును మోకరించి ఒకరికొరకు ఒకరు ప్రార్థించుకొనవలెను. మొదటి సంవత్సరము బాగుగనే జరిగెను. రెండవ సంవత్సరము నెలల తరబడి జీతము నిలిచిపోయెను. ఇక్కడ వడ్డీ పెరిగెను. ఒకనాటి రాత్రి గృహ ప్రార్థనకు పోయినప్పుడు ఆమె మమ్మును ఇట్లడిగినది:

“అయ్యగారూ, నేను రోజు ప్రార్థన చేస్తనే ఉన్న. దేవుడు ఇంటలేడా?”

మేము వెంటనే మాకు తెలిసిన వచనములు చెప్పితిమి. దేవుని సమయము వేరని చెప్పితిమి. గట్టిగా ప్రార్థించితిమి. వారిచ్చిన చాయ త్రాగి లేచితిమి. ఆమె వాకిలివరకు వచ్చి, “మీరు కూడ మా కోసం రోజు అడుగుతున్నరు గద అయ్యగారూ” అనినది. ఔనంటిమి.

అది అబద్ధము. ఇంటికి వచ్చు త్రోవలో ఆ మాట మమ్మును విడువలేదు. ఆమె యింట మేము ప్రార్థించినది నిజమే. కాని మా గదిలో, తలుపు వేసికొని, ఆ కుటుంబము పేరు దేవుని యెదుట ఎత్తి ఎన్ని నెలలైనదో జ్ఞాపకము రాలేదు. అంతకంటె ఘోరమేమనగా, మా ఆత్మ కొరకైనను మేము ఒంటరిగా మోకరించి చాలకాలమైనది. వారమంతయు ఇతరుల యిండ్లలో ప్రార్థించువారము, అదియే మాకు చాలుననుకొంటిమి. మనుష్యులకు కనబడునట్లు ప్రార్థించువారు తమ ఫలము పొందియున్నారని ప్రభువు చెప్పినప్పుడు (మత్తయి 6:5) ఆయన పరిసయ్యులనే చూచి చెప్పెనని ఎన్నిసార్లు బోధించితిమో! ఆ రాత్రి ఆ మాట కోటగిరి త్రోవలో మాకే చెప్పబడెను. మరునాడు ఆమె యింటికి పోయి నిజము చెప్పితిమి. ఆమె కొంతసేపు ఏమియు అనలేదు. తరువాత, “నేను బీడీల కాడ మీ పేరు కూడ తీసుకుంట అయ్యగారూ” అనినది. కట్టకొక పేరను సంగతి మాకు అప్పుడే తెలిసినది.

ఆ సహోదరుడు తరువాత తిరిగి వచ్చెను. రావలసిన జీతము రాలేదు. మేమును సంఘ పెద్దలును అర్జీలు వ్రాసి పంపితిమి, ఫలము లేకపోయెను. అప్పు ఇంకను తీరలేదు. ఇప్పుడతడు కౌలుకు పొలము చేయుచున్నాడు. ఇట్టి సాక్ష్యమును చెప్పుటకు మనము వెనుదీయుదుము. అడిగినది దొరికిన సాక్ష్యములనే మనము కూడికలలో వినగోరుదుము. కాని పౌలు తన ముల్లును గూర్చి ముమ్మారు వేడుకొనెను, ముల్లు పోలేదు, కృప చాలునను జవాబు వచ్చెను. ఆ సహోదరిని మేము తరువాత అడిగితిమి: ఆ రెండేండ్ల ప్రార్థనవలన ఏమి కలిగినది? ఆమె చెప్పిన మాట ఇది: “పైసలైతే రాలే. గని పొద్దుగాల ఆయనతోని మాట్లాడకుంటే ఆ దినం నేను లేసి నిలబడకపోదును.”

దీనికి మేము కలుపునది ఏమియు లేదు. జీతము ఎగవేయుట పాపమే, దానికి న్యాయము జరుగవలెను. ప్రార్థన ఆ అన్యాయమును కప్పిపెట్టు దుప్పటి కాదు. అయినను ఆ యింటిని ఆ రెండేండ్లు నిలబెట్టినది అయిదున్నర గంటల ప్రార్థనయే.

5. కొండకును నదికిని మధ్య

ఈ సహోదరి కనిపెట్టినది రెండేండ్లు. మన తెలుగు సంఘ చరిత్రలో అంతకంటె దీర్ఘముగా కనిపెట్టినవారున్నారు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారకముందే ఒంగోలు ప్రక్కనున్న కొండమీదికి అయిదుగురు ఎక్కిరి: నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఆ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని వారు దేవుని వేడుకొనిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ప్రసంగములలో మనము కొండను, నదిని చేర్చి చెప్పి సంతోషించుదుము. వాటి మధ్యనున్న ఇరువదినాలుగు సంవత్సరములను దాటిపోవుదుము.

ఆ సంవత్సరములలో ఏమున్నది? ఫలము కనబడనందున ఆ మిషనును మూసివేయవలెనను ఆలోచన స్వదేశములో మరల వచ్చెను. 1862లో ఆరోగ్యము చెడి అమెరికాకు పోయిన జూయెట్, తాను మాత్రము తెలుగువారి యొద్దకు తిరిగి పోవుదునని పట్టుపట్టెను. అడిగిన సేవకుడు జాన్ క్లౌ ఒంగోలు చేరినది 1866లో. అనగా కొండమీది ప్రార్థనకు పండ్రెండేండ్ల తరువాత. 1876 మొదలుకొని ధాత కరువు వచ్చెను. క్లౌ గారు మోకాళ్ళమీద మాత్రమే నిలువలేదు; బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగము త్రవ్వు పనిని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి యిప్పించెను. అన్నము కొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండునట్లు, కరువు పని సాగినంతకాలము బాప్తిస్మములు నిలిపివేసెను. కొండమీద మోకరించుట ప్రార్థనయే. ఎండలో మన్ను మోయువారికి కూలి లెక్కించి యిచ్చుట ఆ ప్రార్థనకు చేతులు. ఆకలిగొన్న సహోదరుని చూచి, వెళ్ళి తృప్తిపొందుమని మాటతో సాగనంపు విశ్వాసమువలన ప్రయోజనము లేదని యాకోబు చెప్పుటలేదా (2:15-17)?

మనలో కొండ ఎక్కినవారు కొందరు, నది చూచినవారు కొందరు. అధికులము ఆ మధ్య సంవత్సరములలో బ్రదుకువారమే. అనుదిన ప్రార్థన మధ్య సంవత్సరముల పని.

6. ఆచరణ

మొదటిది, ఒక వేళ, ఒక చోటు నిర్ణయించుకొనుడి. ఒకటే గదియున్న యింటివారు దిగులుపడనక్కరలేదు. ప్రభువు స్వయముగా చీకటితోనే లేచి అరణ్యప్రదేశమునకు పోయెను (మార్కు 1:35). పొలము గట్టు చాలును. పది నిమిషములతో మొదలుపెట్టుడి.

రెండవది, పేర్లు పెట్టి ప్రార్థించుడి. మేము ఆ దినము మొదలు ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొంటిమి. సంఘములోని కుటుంబములను వారమునకు పంచుకొంటిమి. కొన్ని దినములు తప్పుచున్నాము. మరునాడు మరల తెరచుచున్నాము.

మూడవది, మీ చేతిపనికి ఒక ప్రార్థనను జతచేయుడి. పిడికెడు బియ్యమైనను, నాటు వేయు వరుసయైనను, ట్రాక్టరు తాళము త్రిప్పుటయైనను కావచ్చును.

నాలుగవది, ఎవరికొరకు ప్రార్థించితిరో, ఆ వారములో వారి గడప ఒకసారి త్రొక్కుడి.

కుటుంబములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. ఎవరును వినని మన ప్రార్థన ఎంత? అందరును వినునది ఎంత?
2. అడిగినది దొరకనప్పుడు మనము ప్రార్థన మానివేసిన సంగతి ఏదైన ఉన్నదా? దానిని దేవునియొద్దకు మరల తీసికొని పోగలమా?
3. దూరదేశములోనున్న మన వారితో కలిసి ప్రార్థించుటకు ఏ వేళ కుదురును?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మేము నిన్ను ఆదివారమున పిలిచి సోమవారమున మరచితిమి, క్షమించుము. నేటి ఆహారమును నేడే అడుగు బిడ్డలుగా మమ్మును చేయుము. దూరదేశమున కష్టపడు మా వారిని కాపాడుము. కూలి అందని వారికి న్యాయము తీర్చుము. అడిగినది ఇంకను రానివారిని రేపు ఉదయమున లేపి నిలువబెట్టుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.